గాలిని నమ్ముకున్న సైకిల్ మెకానిక్

పోయిన సంవత్సరం ఫెస్ట్‌లో మన క్లబ్బు పెట్టిన పుస్తకాల స్టాలు గుర్తుందా? అదే, పాత రెండు చక్రాల ట్రైలర్ మీద అల్మారాలు బిగించి, రంగు కాగితాలు అంటించి పెట్టాం కదా. చూసినవాళ్ళందరికీ అది నేల మీద బుద్ధిగా నిలబడ్డట్టే కనిపించింది. దాన్ని అలా నిలబెట్టడానికి మేం నలుగురం రెండు రోజులు పడ్డ పాట్లు మాత్రం ఎవరికీ తెలీదు. గ్రౌండ్‌లో మాకు దొరికిన చోటు ఒక పక్కకి వాలుగా ఉంది. ఎడమ చక్రం కుడి చక్రం కన్నా దాదాపు నాలుగు అంగుళాలు కిందికి ఉండేది. పుస్తకాలు సర్దడం, అవన్నీ ఒక మూలకి జారిపోవడం, మళ్ళీ సర్దడం. ముందురోజు రాత్రి వాన పడింది. జాకీ పెడితే బండి లేవడానికి బదులు జాకీయే మట్టిలోకి దిగిపోతోంది.

అప్పుడు మా మెకానికల్ మిత్రుడొకడు ఎక్కడినుంచో పాత కారు ట్యూబు పట్టుకొచ్చాడు. లెక్క చాలా చిన్నది, ఫస్టియర్ వాళ్ళకి కూడా అర్థమౌతుంది. ఆ పక్కన పడే బరువు 300 కిలోలు అనుకుందాం. చెక్కకి ట్యూబు ఆనే వైశాల్యం 900 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకి కిలోలో మూడో వంతు. సైకిల్ ట్యూబులో ఉండే గాలితో పోలిస్తే ఇది ఏమూలకీ రాదు. కాలితో తొక్కే పంపు చాలు. పైగా బరువు వెడల్పాటి చెక్క మీద పరుచుకుంటుంది కాబట్టి మట్టిలో దిగబడదు.

కాగితం మీద అంతా బాగానే ఉంది. రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య ట్యూబు పెట్టి పంపు కొట్టాం. ట్రైలర్ మెల్లగా, భలేగా లేచింది. మేం ఈలలు వేశాం. అంతలోనే ట్యూబు ఒక పక్క గుమ్మడికాయలా ఉబ్బి, పై చెక్క జారి, బండి దబ్బున కింద పడింది. ఎవరి చెయ్యీ కింద లేదు. అది మా తెలివి కాదు, అదృష్టం. ట్యూబుకి ఒంటరిగా నిలబడే శక్తి లేదని, దాన్ని ఉబ్బనివ్వకుండా పట్టి ఉంచే గట్టి తొడుగు కావాలని అప్పుడు తెలిసొచ్చింది. టైరు చేసే పనే అది. గేటు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళి, లారీ పట్టా ముక్కతో సంచీ కుట్టించుకుని, అందులో ట్యూబు పెట్టి మళ్ళీ ఎత్తాం. ఈసారి లేచిన వెంటనే ఇరుసు కింద దుంగలు పెట్టేశాం. గాలి ఎత్తడానికి మాత్రమే, మోయడానికి దుంగలు. మీరెవరైనా ఇలాంటిది చేస్తే ఈ ఒక్క సంగతి మర్చిపోకండి.

ఆ సంచీనే తర్వాత మినీ ప్రాజెక్టుగా పెట్టాం. రివ్యూలో అడిగిన మొదటి ప్రశ్న, ఇందులో మీ సొంతం ఏముంది అని. ట్యూబు మాది కాదు, పంపు మాది కాదు, సంచీ కుట్టింది కూడా మేం కాదు. నోట మాట రాలేదు. రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చిన బ్యాచ్ మాత్రం గలగలా చెప్పుకుపోయింది, అది వేరే కథ.

ఆ ఉక్రోషంతోనే, ట్రైలర్‌కి గాలి సంచీ పెట్టాలన్న ఊహ ముందు ఎవరికి వచ్చిందా అని వెతకడం మొదలెట్టాను. అలా దొరికినవాడు గ్లెన్ కర్టిస్. విమానాల చరిత్రలో రైట్ సోదరుల పక్కన, చాలాసార్లు వాళ్ళకి ఎదురుగా, కనిపించే పేరు. ఆయన జీవితంలో చివరగా చేసిన పెద్ద పనుల్లో ఒకటి ప్రయాణాల ట్రైలర్. కారుకీ ఆ ట్రైలర్‌కీ మధ్య ఆయన పెట్టింది ఒక విమానం టైరు. దాని దగ్గరికి వస్తాను. ముందు మనిషి గురించి చెప్పాలి, ఎందుకంటే నన్ను రివ్యూలో అడిగిన ప్రశ్ననే ఆయన్ని ఏళ్ళ తరబడి కోర్టుల్లో అడిగారు.

కర్టిస్ 1878 మే 21న న్యూయార్క్ రాష్ట్రంలో హామండ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో పుట్టాడు. న్యూయార్క్ అనగానే మేడలు ఊహించుకోకండి. కియూకా సరస్సు ఒడ్డున, ద్రాక్షతోటల మధ్య ఉన్న చిన్న ఊరది. పసితనంలోనే తండ్రి పోయాడు. చెల్లెలు రూతాకి మెనింజైటిస్ వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఆ పిల్లని బధిరుల బడిలో వెయ్యడానికి తల్లి రోచెస్టర్‌కి మారింది. గ్లెన్ చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మనం ఇంజనీర్లం అని చెప్పుకోవడానికి ఎన్ని సెమిస్టర్లు రాస్తామో తలుచుకుంటే నాకు కొంచెం సిగ్గేసింది.

బడి మానేశాక ఈస్ట్‌మన్ కంపెనీలో చేరాడు. తర్వాత కొడాక్ అయింది అదే. అక్కడ స్టెన్సిల్ వేసే పని. ఆ పని చేస్తూనే దాన్ని తొందరగా చేసే యంత్రం ఒకటి తయారుచేస్తే ఫ్యాక్టరీ దాన్ని వాడుకుంది. ఆ తర్వాత వెస్టర్న్ యూనియన్‌లో సైకిల్ మీద టెలిగ్రాములు పంచే ఉద్యోగం. సైకిల్ చేతికి వచ్చాక ఇంక వదల్లేదు. పందేలు తొక్కాడు, గెలిచాడు. 1898లో లీనా నెఫ్‌ని పెళ్ళి చేసుకుని, సొంత ఊళ్ళో సైకిల్ షాపు పెట్టాడు.

తొక్కి తొక్కి విసుగొచ్చిందో ఏమో, 1901 ప్రాంతంలో సైకిల్‌కి ఇంజను బిగించాలన్న పిచ్చి పట్టింది. కార్బురేటర్ కావాలి. అంటే పెట్రోలునీ గాలినీ సరైన పాళ్ళలో కలిపి ఇంజన్లోకి పంపే భాగం. అది ఆయన దగ్గర లేదు. వంటింట్లో టమాటా డబ్బా ఉంది. ఆ రేకు డబ్బాతోనే మొదటి కార్బురేటర్ చేశాడు. నాకు కర్టిస్ మీద ప్రేమ పుట్టింది ఇక్కడే. మా కారు ట్యూబుకి ఒక పెద్దన్న దొరికినట్టనిపించింది. ఏడాది తిరిగేసరికి హెర్క్యులిస్ పేరుతో మోటారు సైకిళ్ళు అమ్మడం మొదలుపెట్టాడు.

ఆయన ఇంజన్లకి ఒక గుణం ఉండేది. బరువు తక్కువ, బలం ఎక్కువ. ఆ రోజుల్లో గాలి బెలూన్లని నడపాలని తంటాలు పడుతున్నవాళ్ళకి సరిగ్గా అదే కావాలి. 1904లో థామస్ బాల్డ్విన్ అనే బెలూన్ల మనిషి తన ఎయిర్‌షిప్‌కి కర్టిస్ ఇంజను పెట్టుకుని ఎగిరాడు. సైకిల్ షాపాయన అలా, తాను అనుకోకుండానే, ఆకాశం వ్యాపారంలోకి వచ్చాడు.

1907 జనవరి 24 సంగతి చెప్పకుండా ముందుకెళ్తే బైకు పిచ్చి ఉన్న మన హాస్టల్ వాళ్ళు ఊరుకోరు. ఎయిర్‌షిప్పుల కోసం చేసిన ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజన్ని, 40 హార్స్‌పవర్ది, ఒక సైకిల్ లాంటి ఫ్రేముకి బిగించి, ఫ్లోరిడాలోని ఆర్మండ్ బీచ్ ఇసుక మీద తోలాడు. గంటకి 219 కిలోమీటర్ల వేగం. 1907లో! అప్పట్లో భూమ్మీద అంత వేగంగా వెళ్ళిన మనిషి లేడు. తిరిగి వచ్చేటప్పుడు షాఫ్టు జాయింటు విరిగింది, ఫ్రేము వంగింది, అయినా ప్రాణాలతో ఆగాడు. రెండో పరుగు పూర్తికాలేదు కాబట్టి అధికారిక రికార్డుగా ఎక్కలేదు. అంతకన్నా వేగంగా మోటారు సైకిల్ నడిపినవాడు రావడానికి 1930 దాకా పట్టింది.

అదే సంవత్సరం టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక బృందాన్ని కూడగట్టాడు. విమానం చెయ్యాలి, అంతే లక్ష్యం. బెల్, ఇద్దరు కెనడా కుర్ర ఇంజనీర్లు, సెల్ఫ్‌రిడ్జ్ అనే సైన్యాధికారి, ఇంజన్ల మనిషిగా కర్టిస్. దీనికి డబ్బు పెట్టింది బెల్ భార్య మేబెల్. ఆమెకి చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయాయి, పెదవుల కదలిక చూసి మాటలు అర్థం చేసుకునేది. కర్టిస్ చెల్లెలిదీ అదే లోకం. వాళ్ళింట్లో ఆయనకి కొత్తగా అనిపించి ఉండదని నా ఊహ. ఊహ మాత్రమే, పుస్తకంలో చదివింది కాదు.

ఆ బృందం ఒక్కొక్కరి పేరా ఒక్కో విమానం చేసింది. కర్టిస్ వంతు వచ్చిన విమానం పేరు జూన్ బగ్. 1908 జూలై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, హామండ్స్‌పోర్ట్‌లో జనాన్ని పిలిచి, అందరూ చూస్తుండగా దాన్ని ఎగరేశాడు. సైంటిఫిక్ అమెరికన్ పత్రిక కప్పు గెలవాలంటే ఒక కిలోమీటరు చాలు. కర్టిస్ అక్కడ ఆగలేదు, కిలోమీటరున్నర దాటించి దించాడు. రైట్ సోదరులు 1903లోనే ఎగిరారు, 1905కే అరగంటకి పైగా గాల్లో ఉన్నారు. కానీ వాళ్ళు పేటెంటు, అమ్మకం ఒప్పందాలు తేలేదాకా దాచుకున్నారు. కర్టిస్ జనం ముందు ఎగిరాడు. తగువు బీజం అదే.

ఆ తగువు గురించి కాస్త నింపాదిగా చెప్పాలి. విమానం గాల్లో పక్కకి ఒరిగితే నిలబెట్టడం ఎలా? రైట్ సోదరులు రెక్కల చివరల్ని తీగలతో మెలితిప్పేవాళ్ళు. ఒక పక్క రెక్క ఎక్కువ గాలిని పడుతుంది, రెండో పక్క తక్కువ. ఒరిగినది సర్దుకుంటుంది. బెల్ బృందం రెక్కని మెలిపెట్టకుండా, చివర్లో కదిలే చిన్న పలకలు పెట్టింది. అవే ఎయిలెరాన్లు. ఇప్పుడు మనం ఎక్కే ప్రతి విమానానికీ ఉండేవి ఆ పలకలే, మెలి తిరిగే రెక్కలు కాదు. కానీ రైట్ సోదరుల పేటెంటు మెలిపెట్టడానికి మాత్రమే కాదు. రెండు పక్కలా గాలి తగిలే కోణాన్ని మార్చి సమతూకం తేవడమనే సూత్రానికే తమకి హక్కుందని వాళ్ళ వాదన. 1909 ఆగస్టులో కేసు వేశారు.

ఎవరిది న్యాయం? మొదట్లో నేను పూర్తిగా కర్టిస్ పక్షం. టమాటా డబ్బా ప్రభావం అనుకోండి. కానీ చదివేకొద్దీ అంత తేలిగ్గా లేదు. 1906లోనే కర్టిస్ బాల్డ్విన్‌తో కలిసి డేటన్ వెళ్ళి రైట్ సోదరులతో మాట్లాడి వచ్చాడు. 1908 మొదట్లో సెల్ఫ్‌రిడ్జ్ వాళ్ళకి ఉత్తరం రాసి సాంకేతిక వివరాలు అడిగితే, వాళ్ళు ఏ ఏ పత్రాలు చూడాలో మర్యాదగా చెప్పారు. జూన్ బగ్ ఎగిరిన నెలలోనే, తమ పేటెంటులో ఉన్నవాటిని ప్రదర్శనలకీ వ్యాపారానికీ వాడటానికి తాము అనుమతి ఇవ్వలేదని కర్టిస్‌కి రాశారు కూడా. అంటే ఆయనకి తెలియక జరిగింది కాదు. ఏళ్ళ తరబడి చేతులు కాల్చుకుని తేల్చుకున్న సంగతిని ఇంకొకడు వచ్చి పలకలుగా మార్చి, ఇది వేరు అంటే, ఒళ్ళు మండదా? మన అసైన్‌మెంటు కాపీ కొట్టి, పేరాలు అటూ ఇటూ మార్చి మనకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడిని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

ఆ సెల్ఫ్‌రిడ్జ్ కథ విషాదం. 1908 సెప్టెంబరు 17న ఆర్విల్ రైట్ నడుపుతున్న విమానంలో ప్రయాణికుడిగా ఎక్కాడు. ప్రొపెల్లర్ విరిగి విమానం కూలింది. విమాన ప్రమాదంలో చనిపోయిన తొలి ప్రయాణికుడు అతనే. ఆర్విల్ తీవ్రంగా దెబ్బలు తగిలి బతికాడు.

కేసు నడుస్తూనే ఉంది, కర్టిస్ ఎగురుతూనే ఉన్నాడు. 1909 ఆగస్టులో ఫ్రాన్సులోని రేమ్స్‌లో పోటీ. ఇంగ్లీషు చానెల్ దాటి అప్పటికి నెల కాస్త దాటిన బ్లేరియో మీద ఆరు సెకన్ల లోపు తేడాతో గెలిచి, గోర్డన్ బెన్నెట్ కప్పు తెచ్చుకున్నాడు. 1910 మే 29న ఆల్బనీ నుంచి న్యూయార్క్ నగరానికి హడ్సన్ నది వెంబడి ఎగిరి పదివేల డాలర్ల బహుమతి కొట్టాడు. దారిలో రెండుసార్లు దిగాడు. నదిలో పడిపోతే తేలడానికి విమానం అడుగున ముందే ఏర్పాటు చేసుకున్నాడు. మునిగిపోతానేమోనన్న ఆ భయమే ఆయన్ని తర్వాతి మెట్టుకి తీసుకెళ్ళిందేమో, 1911 జనవరి 26న శాన్ డియాగోలో నీటి మీద నుంచి లేచి మళ్ళీ నీటి మీదే దిగే విమానాన్ని నడిపాడు. అంతకు వారం ముందు యూజిన్ ఈలీ అనే కుర్రాడు కర్టిస్ విమానాన్ని యుద్ధనౌక మీద దించాడు. ఆపడానికి బ్రేకులేం లేవు. ఓడ మీద అడ్డంగా తాళ్ళు కట్టి వాటి చివర్లకి ఇసుక బస్తాలు వేలాడదీశారు, విమానానికి కట్టిన కొక్కేలు ఆ తాళ్ళని పట్టుకున్నాయి. అమెరికా నౌకాదళం కర్టిస్‌ని తమ విమాన విభాగానికి తండ్రిలా చూస్తుంది. అమెరికా ఏరో క్లబ్బు ఇచ్చిన లైసెన్సుల్లో ఒకటో నంబరు కూడా ఆయనదే. గొప్పతనం వల్ల కాదు, అక్షర క్రమంలో ఆయన పేరు ముందొచ్చింది. ఆర్విల్ నాలుగు, విల్బర్ ఐదు. ఇలాంటి సంగతులు వైవాలో పనికొస్తాయి.

1912లో విల్బర్ రైట్ టైఫాయిడ్‌తో చనిపోయాడు. కేసుల తిరుగుళ్ళు అన్నని తినేశాయని ఆర్విల్ కడదాకా నమ్మాడు. 1914 జనవరిలో పై కోర్టు రైట్‌ల పక్షాన తీర్పిచ్చింది. కర్టిస్ ఆగాడా? హెన్రీ ఫోర్డ్ తన పేటెంటు లాయర్ని అరువిచ్చాడు. రెండు పలకలు ఒకేసారి కాకుండా ఒక్కోసారి ఒక్క పలకే కదిలేలా మార్చితే తీర్పు తగలదు కదా అని మళ్ళీ మొదలుపెట్టారు. ఆర్విల్ మళ్ళీ కేసు.

ఇదే సంవత్సరం ఆయన చేసిన ఒక పని నాకు మింగుడుపడలేదు. రైట్‌ల కన్నా కొద్ది రోజుల ముందు, 1903లో, లాంగ్లీ అనే శాస్త్రవేత్త చేసిన విమానం ఎగరలేక నదిలో పడిపోయింది. స్మిత్‌సోనియన్ సంస్థ దాన్ని కర్టిస్‌కి ఇచ్చి ఎగరగలదేమో చూడమంది. అది ఎగిరితే రైట్‌ల పేటెంటు బలం తగ్గుతుంది. కర్టిస్ దాన్ని బాగుచేసే పేరుతో చాలా మార్పులు చేసి, కియూకా సరస్సు మీద కాసేపు లేపాడు. సంస్థ మార్పుల సంగతి మరుగునపెట్టి, మొదట ఎగరగల యంత్రం లాంగ్లీదేనని బోర్డు పెట్టింది. ఆర్విల్ మనసు విరిగి, 1903 నాటి అసలు విమానాన్ని 1928లో లండన్ మ్యూజియానికి పంపేశాడు. సంస్థ తప్పొప్పుకున్నది 1942లో. విమానం ఇంటికొచ్చింది 1948లో, అప్పటికి ఆర్విల్ లేడు. ట్యూబు పక్కకి ఉబ్బితే అది భౌతికశాస్త్రం చేసిన పని. ఇది మాత్రం మనుషులు చేసిన పని, కర్టిస్ అందులో ఉన్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ గొడవకి తెర దించింది. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక ప్రభుత్వం ఒత్తిడి మీద కంపెనీలన్నీ పేటెంట్లని ఒక ఉమ్మడి కుండలో పోశాయి. బఫెలోలో కర్టిస్ ఫ్యాక్టరీ జెన్నీ అనే శిక్షణ విమానాల్ని వేలల్లో చేసింది. యుద్ధమయ్యాక చవగ్గా అమ్మేస్తే కుర్రాళ్ళు కొనుక్కుని ఊరూరా తిరిగి సర్కస్ చేశారు. 1919 మేలో కర్టిస్ కంపెనీ నౌకాదళంతో కలిసి చేసిన ఎన్‌సీ-4 మజిలీలు చేస్తూ అట్లాంటిక్ దాటింది. 1929లో ఆయన కంపెనీ రైట్ పేరున్న కంపెనీతో కలిసి కర్టిస్-రైట్ అయింది. ఏళ్ళ తరబడి కొట్టుకున్న రెండు పేర్ల మధ్య ఒక చిన్న గీత! 1940లో బెంగళూరులో మొదలైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ తొలినాళ్ళలో చేతపట్టిన విమానాల్లో కర్టిస్ హాక్ ఒకటి. అలా ఆ పేరు మన పొరుగు రాష్ట్రం దాకా వచ్చింది.

అప్పటికి కర్టిస్ ఆ కంపెనీలో పేరుకే ఉన్నాడు. యుద్ధం తర్వాత వాటా అమ్ముకుని, చేతినిండా డబ్బుతో ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. అక్కడ మిత్రుడితో కలిసి భూములు కొని హయలియా, మయామి స్ప్రింగ్స్, ఓపా-లాకా అనే మూడు ఊళ్ళు కట్టించాడు. ఓపా-లాకాకి వెయ్యిన్నొక్క రాత్రుల అరేబియా కథలే నమూనా. మునిసిపల్ ఆఫీసుకి కూడా గుమ్మటాలు, మీనార్లు. మన విఠలాచార్య గారి సెట్టింగులు గుర్తొస్తాయి. 1926లో వచ్చిన పెను తుఫాను ఆ సంబరాన్ని బాగా దెబ్బకొట్టింది.

ఇక ట్రైలర్. కర్టిస్‌కి వేట పిచ్చి, అడవుల్లో మకాం పిచ్చి. గుడారం మోసుకెళ్ళడం బదులు ఇంటినే కారు వెనక లాక్కెళ్ళాలని ఎప్పట్నుంచో ప్రయోగాలు చేశాడు, తమ్ముడి వరసైన కార్ల్ ఆడమ్స్ అందులో భాగస్వామి. 1920ల చివర్లో ఆ ప్రయోగాలన్నీ కలిసి ఏరోకార్ అయ్యాయి.

మామూలు ట్రైలర్‌తో ఇబ్బంది ఏమిటంటే, దాన్ని కారు వెనక బంపర్‌కి తగిలిస్తాం. ఆ చోటు కారు వెనక ఇరుసుకి ఇంకా వెనక ఉంటుంది. ట్రైలర్ ముక్కు బరువు అక్కడ పడితే కారు తోక కిందికి, ముందు చక్రాలు పైకి. ట్రైలర్ పక్కకి ఊగితే కారు తోకని కూడా ఊపుతుంది. బ్రేకు వేస్తే వెనకనుంచి గుద్దుతుంది. ట్రాక్టరు ట్రక్కులో కూర్చుని గతుకుల రోడ్డు మీద వెళ్ళినవాళ్ళకి ఆ కుదుపు వేరే చెప్పక్కర్లేదు.

కర్టిస్ ఏం చేశాడంటే, తగిలించే చోటుని కారు డిక్కీ ఉండే భాగంలోకి, ఇరుసు వైపుకి జరిపాడు. అక్కడ ఒక విమానం చక్రాన్ని టైరుతో సహా పడుకోబెట్టి బిగించాడు. ట్రైలర్ ముక్కు నుంచి కిందికి దిగే ఇనుప కడ్డీ ఆ చక్రం మధ్య బొడ్డులో దిగుతుంది. అంతే! కారు లాగినా, ఆగినా, గతుకులో పడినా, పక్కకి తిరిగినా, ప్రతి కుదుపూ ముందు టైరులోని గాలిని నలపాలి. ఇనుముకి ఇనుము ఎక్కడా నేరుగా తగలదు. విమానం నేలమీద దిగేటప్పుడు దెబ్బ తినడానికి చేసిన టైరు, రోడ్డు మీద ఇంటికి మెత్తని దిండు అయింది. ట్రైలర్ శరీరం కూడా విమానం ఒడ్డుపొడుగు లెక్కే. సన్నని చెక్కల చట్రం, దాన్ని బిగించి పట్టే తీగలు, బరువు తక్కువ. వీ-8 ఇంజను మోటారు సైకిల్‌కి ఎక్కించినట్టే, విమానం సామాను ఇంటికి ఎక్కించాడు.

ఈ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు అర్ధరాత్రి హాస్టల్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మా పట్టా సంచీలో ట్యూబు బరువుని పైకెత్తింది. ఆయన టైరు కుదుపుని మింగింది. పనులు వేరు, లోపలున్నది ఒకటే, మూసిపెట్టిన గాలి. ఇనుప జాకీ బరువుని ఒక్క బిందువు మీద మోపుతుంది. గాలి అలా కాదు, తనకి తగిలిన ప్రతి అంగుళానికీ సమానంగా పంచుతుంది. మన్నులోనైనా కొయ్యలోనైనా గుచ్చుకోదు.

మరి టైరు కర్టిస్ సొంతమా? కాదు. గాలి టైరుని 1888లో పేటెంటు చేసిన డన్‌లప్ ఒక పశువైద్యుడు, కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపు తగ్గించడానికి ఇంట్లో చేసుకున్నాడు. ఆయన పేటెంటు కూడా నిలవలేదు. 1840ల్లోనే థామ్సన్ అనే స్కాట్లండ్ వాడు దాన్ని చేసి ఉన్నాడని తర్వాత బయటపడింది.

కర్టిస్ చివరి రోజుల్లో కూడా కోర్టు వదల్లేదు. ఈసారి రైట్‌లు కాదు, 1909లో తనతో భాగస్వామిగా చేరిన ఆగస్టస్ హెరింగ్. తన దగ్గర బోలెడు పేటెంట్లున్నాయని చెప్పి కంపెనీలో చేరాడు, తీరా చూస్తే అవేమీ లేవు. కంపెనీ దివాలా తీసింది. ఆ పాత లెక్కల మీద నడిచిన వ్యాజ్యం 1930 దాకా సాగింది. ఆ ఏడు మే నెలలో కర్టిస్ ఆల్బనీ–న్యూయార్క్ దారిలో ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఒకసారి విమానం నడిపాడు. ఈసారి కర్టిస్ కాండర్ అనే పెద్ద ప్రయాణికుల విమానం. విమానం నడపడం ఆయనకి అదే ఆఖరు. ఆ వేసవిలోనే హెరింగ్ కేసు కోసం రోచెస్టర్ వెళ్ళినప్పుడు అపెండిసైటిస్ నొప్పి వచ్చింది. చెల్లెలి చదువు కోసం చిన్నప్పుడు వెళ్ళిన ఊరే అది. బఫెలోలో ఆపరేషన్ జరిగింది. కోలుకుంటున్నాడనుకుంటుండగా 1930 జూలై 23న చనిపోయాడు. వయసు 52. సొంత ఊరు హామండ్స్‌పోర్ట్‌లోనే సమాధి చేశారు. ఏరోకార్లు ఆయన తర్వాత కూడా కొన్నేళ్ళు రోడ్ల మీద తిరిగాయి.

రివ్యూ ప్రశ్నకి జవాబు ఇప్పటికీ నా దగ్గర పూర్తిగా లేదు. ఫైనల్ రిపోర్టులో సొంతం అనే శీర్షిక కింద మేం మూడు ముక్కలు రాశాం. పట్టా సంచీ కొలతలు, ట్యూబు ఎంతవరకు ఉబ్బితే చెక్క జారుతుందో మేం పడగొట్టి తెలుసుకున్న లెక్క, ఎత్తాక దుంగలు పెట్టే వరస. దాని కింద థామ్సన్, డన్‌లప్, కర్టిస్ పేర్లు రాసి, చివర్లో సంచీ కుట్టిన పెద్దాయన పేరు కూడా రాశాం. ఆయనకి చూపిద్దామని గేటు దగ్గరికి వెళ్తే, రిపోర్టు పక్కన పెట్టి సంచీ అడిగాడు. ఒక మూల కుట్టు ఊడుతోందట, ఈసారి రెండు వరసలు వేస్తానన్నాడు.